ఉప్పెన సాహిత్యమున మరునాటి బ్రతుకు

ప్రకృతి వైపరీత్యములను వర్ణించిన తెలుగు రచనలలో ప్రసిద్ధములైనవి గాలిని, నీటిని, మరణమును సమర్థముగా చూపినవి. కాని, ప్రాణములతో బయటపడినవాడు మరల నెట్లు బ్రతికెనను ప్రశ్నకు అవి దూరముగా నిలిచినవి. ఇందులకు కారణము రచయితల అనాదరము కాదనియు, వారు స్వీకరించిన రసమే యనియు మా అభిప్రాయము.

పాలగుమ్మి పద్మరాజుగారి ‘గాలివాన’ 1952లో అంతర్జాతీయ కథానికల పోటీలో ద్వితీయ బహుమతి నందినది. తుపాను రాత్రి, చిన్న రైలు స్టేషను, నియమబద్ధుడైన రావుగారు, ఒక బిచ్చగత్తె: ఈ స్వల్ప సామగ్రితోనే ఒక మనిషి అహంకారము కరగుట యందు నిరూపింపబడినది. తెల్లవారుసరికి బిచ్చగత్తె మరణించి యుండును, కథయు ముగియును. ఇది దోషము కాదు. ఆ కథకు వస్తువు రావుగారి అంతరంగమే కాని కూలిన ఊరు కాదు.

1977 నవంబరు 19న దివిసీమను ఉప్పెన ముంచెత్తినది. మృతులు సుమారు 10,000 మంది. ఈ విషాదమును వస్తువుగా గొని, దిగంబర కవులలో నొకరైన నగ్నమునిగారు ‘కొయ్యగుర్రం’ దీర్ఘకవితను రచించిరి. శోకము అందు ఆగ్రహమైనది. కదలని వ్యవస్థ కొయ్యగుర్రమైనది. పాలకులను ప్రశ్నించుట ఆ కావ్యధర్మము. దానిని అది నెరవేర్చినది.

అయినను నీరు తీసిన పిదప మొదలగు కథ వేఱు. ప్రభుత్వమును, పెక్కు స్వచ్ఛంద సంస్థలును దివిసీమలో ఇండ్లు కట్టించిన మాట నిజమే. కాని ఇల్లు వేఱు, జీవనాధారము వేఱు. మాగాణిలో నిలిచిన ఉప్పు విడువవలెను. పశువులు, పడవ, వల మరల సమకూరవలెను. తీరమునకు దూరముగా ఇల్లు కట్టించి యిచ్చినచో భద్రత హెచ్చును. కాని వలకారికిని సముద్రమునకును నడుమ దూరము పెరుగును. పొలమునకు పరిహారము వచ్చినచో పట్టాదారునకు వచ్చును. చేను దున్నిన కౌలురైతు చేయి చాచి నిలుచును.

కరుణమునకు శోకము స్థాయిభావము. శోకము మరునాటి పనిని మోయజాలదు. దానిని మోయగలది వీరమునకు స్థాయియైన ఉత్సాహము. వీరమును దాన, దయా, ధర్మ, యుద్ధ భేదములచే నాలుగు విధములుగా మన ఆలంకారికులు విభజించిరి. సహాయ కార్యక్రమములను గూర్చిన రచనలు సాధారణముగా దానవీర దయావీరములలో పడును. అందు దాత నాయకుడు. బాధితుడు ఆలంబనము మాత్రమే. ఈ స్థానము మారవలెను. చవిటిపట్టిన చేనిలో మరల నాటు వేసినవాడే నాయకుడు కావలెను.

ఇట్లు వ్రాసినచో సాహిత్యము ప్రచారముగా మారదా యని కొంద రాక్షేపింపవచ్చును. ఉత్సాహమనగా విజయము కాదు. అప్పు తీరక ఊరు విడిచినవానియందును అది కలదు. అట్టివాని రెండవ బ్రతుకును చూడవలెనన్న దూరము పోనక్కఱలేదు. విజయవాడ రహదారి భాగ్యనగరమున ప్రవేశించు ఎల్.బి. నగరము, దాని చేరువనున్న దిల్‌సుఖ్‌నగరము పల్లెలనుండి వచ్చిన వేలాది కుటుంబములకు నెలవులు. 2020 అక్టోబరు వఱదలలో సరూర్‌నగరు చెఱువు పొంగి ఆ పరిసరములలోని కాలనీలు మునిగినవి. బాధిత కుటుంబమునకు 10,000 రూపాయల చొప్పున ప్రభుత్వము సాయము ప్రకటించినది. తోపుడుబండియో, కుట్టుమిషనో పోయినవానికి అది కొన్నినాళ్ల గ్రాసమే కాని, వృత్తికి పునాది కాదు. పల్లెలో ఒకమారు పొలము విడిచినవాడు నగరమున రెండవమారు పనిముట్టు కోల్పోవుట నేటి వస్తువు. దీనికి తగిన నవల మాకు కానరాలేదు.

పరిశోధక విద్యార్థులు దివిసీమ పల్లెలందును ఈ కాలనీలందును వృద్ధుల నోటి మాటలను వారి పలుకుబడితోనే సేకరింపవలెను. ఎవరు చనిపోయిరని మాత్రమే కాక, మొదటి పంట ఎన్నడు చేతికి వచ్చినది, విత్తనము ఎవరిచ్చిరి, అప్పు ఎన్నడు తీరినది యని అడుగవలెను. ఆ సమాధానములు చేతికందిన నాడు, ఏ రచన ఆ బ్రతుకును పట్టినదో, ఏది విడిచినదో విమర్శకుడు నిర్ణయింపగలడు.