ఎమిల్ హౌరీ, స్నేక్‌టౌన్: ఒక పునర్విమర్శ

చాండ్లర్‌లో స్థిరపడిన మనలో చాలామందికి ఈ ఎడారి నిన్నమొన్న వెలసిన ఊరుగానే తోస్తుంది. ఇక్కడికి దక్షిణాన, గీలా నదీతీరంలో, సుమారు వెయ్యేండ్లు వర్ధిల్లిన హోహోకం జనపదం మట్టి కింద ఉన్నది. దాని పేరు స్నేక్‌టౌన్. దానిని లోకానికి ఎరుకపరచినవారిలో అగ్రగణ్యుడు పురావస్తు శాస్త్రజ్ఞుడు ఎమిల్ హౌరీ (1904–1992).

హౌరీ అక్కడ 1934–35లో తవ్వి, ముప్పై ఏండ్ల తరువాత 1964–65లో మరల తవ్వాడు. తొలి తవ్వకం నిర్ణయించిన కాలక్రమాన్ని నాటి సహచరుడు గ్లాడ్విన్ సైతం శంకించాడు. హౌరీ ఆ శంకకు వాదంతో గాక పారతో బదులు చెప్పాడు. 1976లో వెలువడిన ఆయన గ్రంథం ‘ది హోహోకం: డెజర్ట్ ఫార్మర్స్ అండ్ క్రాఫ్ట్స్‌మెన్’ ఆ శ్రమకు ఫలం. కాలువలు తవ్వి మొక్కజొన్న, పత్తి పండించినవారిని, ఆమ్లంతో గవ్వలపై బొమ్మలు తేల్చినవారిని ఆ పుటలలో చూస్తాము. కాకతీయుల చెరువుల నీటితో పెరిగిన జాతికి ఈ కథ పరాయిది కాదు.

గ్రంథంలో లోపం లేకపోలేదు. క్రీ.పూ. 300 ప్రాంతాన మెక్సికో నుండి వలస వచ్చినవారే కాలువల విద్యను తెచ్చారని హౌరీ నిశ్చయించాడు. తరువాత టూసాన్ పరిసరాలలో అంతకన్న ప్రాచీనమైన కాలువలు బయల్పడి ఆ నిశ్చయాన్ని సడలించాయి. స్థానికంగా ఎదిగిన సంస్కృతి అన్న మతమే నేడు బలపడింది. అయినను ఆయనను కాదన్నవారు కూడా ఆయన తీర్చిన కాలవిభజనతోనే లెక్క మొదలుపెడతారు. ఆయన వేసిన గట్ల మీదనే నడుస్తారు.

హోహోకం అన్న మాటకు గతించినవారు అని అర్థం చెబుతారు. మా అభ్యంతరం ఆ అర్థంపైనే. వారి వారసులమని చెప్పుకొనే ఓథమ్ ప్రజలు నేటికీ ఆ నేలపైనే ఉన్నారు. ఈ సంబంధాన్ని హౌరీ గుర్తించాడు. తవ్వకాలలో వారితో కలిసి పనిచేశాడు. అయినా పండితుల పరిభాషలో పూర్వులు వేరు, వారసులు వేరు అయిపోయారు.

నాగార్జునకొండలో 1954–60 తవ్వకాల తరువాత లోయ నీట మునిగింది. కట్టడాలలో కొన్నిటిని కొండపైకి తరలించి చూపుతున్నాము. స్నేక్‌టౌన్‌ను తవ్విన పిదప మట్టితో కప్పివేశారు. 1972లో జాతీయ స్మారకమైనను, నేల ఓథమ్ సమాజానిది గనుక, వారి అభీష్టం మేరకు సందర్శకులకు ప్రవేశం లేదు. చూడలేకపోయామని మేమూ ఒకప్పుడు నొచ్చుకున్నాము. పూర్వుల నేలను చూపాలో దాచాలో తేల్చవలసినది వారసులే అని ఇప్పుడు ఒప్పుకుంటున్నాము. మన పిల్లలకు అమరావతి కథ చెప్పేనాడు, వారు పెరుగుతున్న ఈ నేల కథను కూడా చెప్పుదాము.