తేదీలు రాసుకొచ్చారా?

యూనివర్సిటీలో ఎవరైనా గొంతు తగ్గించి "మేడమ్, మీకు తెలిసిన మంచి లాయర్ ఎవరన్నా ఉన్నరా?" అని అడిగితే అది భూమి తగాదా కాదని నాకు అర్థమైపోతుంది. భూమి సంగతైతే క్యాంటీన్లో అందరి ముందే మాట్లాడతారు. పెళ్లి సంగతి చెప్పడానికి మాత్రం ఆర్ట్స్ కాలేజీ ముందు నుంచి తార్నాక గేటు దాకా నడవాలి. సగం దారి మౌనంగానే గడుస్తుంది.

ఉస్మానియాలో పాఠాలు చెప్తూ, తార్నాకలో కాపురముంటూ ఇన్నేళ్లలో చాలామందికి తోడుగా వకీళ్ల దగ్గరికి వెళ్లాను. వాళ్లలో రీసెర్చ్ స్కాలర్లు ఉన్నారు, తోటి లెక్చరర్లు ఉన్నారు, మా వీధిలో ఇళ్లలో పనిచేసే ఆమె ఉంది, మా పెదనాన్న కొడుకు కూడా ఉన్నాడు. పక్కన కూర్చోవడమే నా పని. అలా కూర్చుని చూసినదాన్ని బట్టి చెప్తున్నాను: ఫ్యామిలీ కేసుల్లో వకీలు పనితనం కోర్టు హాల్లో కంటే ముందే, మొదటి సిట్టింగ్‌లోనే తెలిసిపోతుంది.

తార్నాక సందుల్లో వకీళ్ల ఆఫీసులు చాలావరకు ఇళ్లలోనే ఉంటాయి. ముందు గదిలో ఆఫీసు, వెనక కాపురం. సాయంత్రం కోర్టు నుంచి వచ్చి, టీ తాగి, ఆరున్నరకి తలుపు తీస్తారు. నేను ఎక్కువగా వెళ్లే ఒకావిడ ఎవరొచ్చినా మొదట మంచినీళ్లిస్తుంది. చెప్పుకునేదంతా చెప్పనిస్తుంది, ఏడిస్తే ఏడవనిస్తుంది, మధ్యలో ఒక్క సెక్షన్ పేరూ ఎత్తదు. అంతా అయ్యాక తెల్లకాగితం ముందుకు జరిపి అడుగుతుంది: "తేదీలు రాసుకొచ్చారా?"

పెళ్లి ఎప్పుడు, ఎక్కడ జరిగింది? ఇద్దరూ ఒకే కప్పు కింద చివరిగా ఉన్నది ఏ ఊళ్లో, ఎన్నాళ్ల కిందట? పిల్లలు ఎప్పుడు పుట్టారు? పెట్టిన బంగారం ఇప్పుడు ఎవరి బీరువాలో ఉంది? గుండె మండుతున్న మనిషికి ఈ ప్రశ్నలు కర్కశంగా వినిపిస్తాయి. కానీ ఒక్కో తేదీ వెనక ఒక్కో హక్కు ఉంది. హిందూ వివాహ చట్టం ప్రకారం పెళ్లయిన ఏడాదిలోపు విడాకుల పిటిషన్ వేయడానికి మామూలుగా వీల్లేదు. విపరీతమైన కష్టం ఉందని చూపించి కోర్టు అనుమతి తీసుకోవాలి. ఇద్దరూ ఒప్పుకుని వేసే 13బి పిటిషన్‌కి కనీసం ఏడాది విడిగా ఉండి ఉండాలి. వదిలేసి వెళ్లిపోయారని చెప్పాలంటే రెండేళ్లు ఎడతెగకుండా దూరంగా ఉండాలి. 13బిలో ఆరు నెలలు ఆగాలన్న నియమాన్ని తగిన సందర్భాల్లో సడలించవచ్చని 2017లో అమర్‌దీప్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఆ సడలింపు అడగాలన్నా విడిపోయి ఎన్నాళ్లైందో కాగితం మీద నిలబడాలి.

తర్వాత ఏ కోర్టు అన్నది. మా ప్రాంతంలో ఇది చిన్న ప్రశ్న కాదు. తార్నాక హైదరాబాద్ జిల్లాలో ఉంటే, నాలుగడుగులు దాటి హబ్సిగూడలోకి వెళ్తే మేడ్చల్-మల్కాజిగిరి జిల్లా వస్తుంది. ఒకే బస్టాప్‌లో నిలబడే ఇద్దరు ఆడవాళ్లు వేర్వేరు కోర్టులకు పోవాల్సి రావచ్చు. కరీంనగర్‌లో పెళ్లై, బెంగళూరులో కాపురం చేసి, ఇప్పుడు క్యాంపస్ హాస్టల్లో ఉంటూ పీహెచ్‌డీ చేస్తున్న అమ్మాయి ఒకామె "నేను బెంగళూరు పోవాల్నా మేడమ్?" అని భయపడుతూ వచ్చింది. అక్కర్లేదు. భార్య తాను ప్రస్తుతం నివసిస్తున్న చోటే పిటిషన్ వేసుకోవచ్చని 2003లో హిందూ వివాహ చట్టానికి సవరణ చేశారు. గృహహింస చట్టం ఇంకో అడుగు ముందుకేసి, తాత్కాలికంగా ఉంటున్న చోటైనా చాలంటుంది. హాస్టల్ అలాట్‌మెంట్ లెటరూ యూనివర్సిటీ ఐడీ కార్డూ ఆ అమ్మాయికి నివాస రుజువులుగా పనికొచ్చాయి. ఆ మాట విన్నాక ఆమె మొదటిసారి కుర్చీలో వెనక్కి వాలి కూర్చుంది.

విడాకులు కావాలని వచ్చిన మనిషిని మంచి వకీలు వెంటనే విడాకుల్లోకి దింపదు. ఈ నెల ఇంట్లో బియ్యం ఎట్లా, ఉండడానికి నీడ ఎక్కడ, పిల్లల ఫీజు ఎవరు కడుతున్నారు అన్నవి ముందు అడుగుతుంది. గృహహింస చట్టం 2006 అక్టోబరులో అమల్లోకి వచ్చింది. ఇల్లు ఎవరి పేరున ఉన్నా, కాపురం చేసిన ఇంట్లో ఉండే హక్కు భార్యకు దానివల్ల వచ్చింది. అత్తమామల పేరున ఉన్న ఇల్లైనా అది ఉమ్మడి నివాసం కావచ్చని 2020లో సతీశ్ చందర్ అహూజా కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. అదే ఏడాది రజనీశ్ వర్సెస్ నేహా తీర్పులో, భరణం అడిగే చోట ఇద్దరూ తమ ఆస్తులు, అప్పులు, రాబడి వివరాలతో అఫిడవిట్ వేయాలనీ, భరణం దరఖాస్తు వేసిన తేదీ నుంచే లెక్కకట్టాలనీ చెప్పింది. అందుకే మా వకీలమ్మ "ఆలోచించుకుని వస్తా" అన్నవాళ్లకు కూడా ఒక పని అప్పజెప్పి పంపిస్తుంది: పాస్‌బుక్కులు, జీతం స్లిప్పులు, స్కూలు రసీదులు ఒక ఫైల్లో పెట్టుకోమంటుంది.

నోటీసు అందుకుని పరుగెత్తుకొచ్చేవాళ్ల తీరు వేరు. భార్య భరణం అడగ్గానే భర్త తరఫు నుంచి "కాపురానికి రావలెను" అన్న నోటీసు రావడం పాత ఎత్తు. హిందూ వివాహ చట్టం తొమ్మిదో సెక్షన్ కింద వేసే ఆ కేసు పేరు వింటేనే పోలీసులొచ్చి లాక్కుపోతారేమోనని వణికిపోయినవాళ్లను చూశాను. ఈ సెక్షన్‌కి మన తెలుగు నేలమీద పెద్ద చరిత్రే ఉంది. సినీనటి సరిత మీద ఆమె భర్త వెంకటసుబ్బయ్య కడప కోర్టులో వేసిన కేసు హైకోర్టుకొచ్చింది. 1983లో జస్టిస్ పి.ఎ. చౌదరి ఈ సెక్షన్ రాజ్యాంగ విరుద్ధమని కొట్టేశారు. ఇష్టం లేని మనిషితో కాపురం చేయమని రాజ్యం ఆజ్ఞాపించడం ఆడదాని శరీరం మీద, ఆమె నిర్ణయం మీద దాడి అన్నది ఆ తీర్పు సారాంశం. మరుసటి ఏడాదే సరోజ్ రాణి కేసులో సుప్రీంకోర్టు ఆ అభిప్రాయాన్ని తోసిపుచ్చి సెక్షన్‌ని నిలబెట్టింది. జస్టిస్ చౌదరి చెప్పిందే న్యాయమని నేను ఇప్పటికీ నమ్ముతాను. అయితే నోటీసు పట్టుకుని ఎదురుగా కూర్చున్న అమ్మాయికి కావలసింది నా నమ్మకం కాదు. డిక్రీ వచ్చినా ఎవరూ చెయ్యిపట్టి లాక్కుపోలేరనీ, అలాంటి డిక్రీ ఉన్నంత మాత్రాన భరణం హక్కు దానంతటదే పోదని 2025 జనవరిలో సుప్రీంకోర్టు చెప్పిందనీ ఆమెకు తెలియాలి. అంతకన్నా ముందు వాయిదా తప్పకుండా వెళ్లి కౌంటర్ వేయాలని తెలియాలి. నోటీసు తీసుకోకుండా తిప్పి పంపితే కేసు పోతుందనుకుని, చివరికి తాము లేకుండానే కేసు నడిచి ఎక్స్‌పార్టీ అయినవాళ్లున్నారు.

1984 నాటి ఫ్యామిలీ కోర్టుల చట్టం పదమూడో సెక్షన్ ప్రకారం, ఆ కోర్టులో వకీలు ద్వారానే వాదించుకోవడం కక్షిదారుకి హక్కు కాదు. అనుమతితోనే వకీలు నిలబడాలి. భార్యాభర్తలు తమ మాట తాము చెప్పుకోవాలి, వీలైతే రాజీ పడాలి అన్నది ఆ చట్టం ఉద్దేశం. మంచి ఉద్దేశమే. కానీ పురానీ హవేలీలోనో సికింద్రాబాద్‌లోనో వరండా నిండా జనం మధ్య, పేరు పిలిచాక దొరికే కాసిన్ని నిమిషాల్లో, ఎదురుగా ఆ మనిషే నిలబడి ఉండగా ఎంతమంది తమ మాట తాము చెప్పుకోగలరు? నోట మాట రాక నిలబడిపోయిన చదువుకున్నవాళ్లను నేనే చూశాను. వకీలు అవసరం అక్కడే. వకీలు మన ఇంటికి దగ్గర్లో ఉంటే వాయిదాకు ముందురోజు సాయంత్రం నడిచి వెళ్లి, రేపు ఏమడుగుతారో ఏం చెప్పాలో కూర్చుని మాట్లాడుకోవచ్చు. పేరుమోసిన వకీలు ఊరికి ఆ చివర ఉంటే ఆ సాయంత్రం మనకి దక్కదు. అందుకే పెద్ద పేరు కంటే దగ్గరి తలుపు మేలని అడిగినవాళ్లకల్లా చెప్తాను.

మా పెదనాన్న కొడుకు కేసులో ఆ వకీలమ్మ మనిషికే కాక పిల్లకు కూడా వకీలు అనిపించింది. "పాపను చూపిస్తలేరక్కా, నేనెందుకు పైసలియ్యాలె?" అని వాడు. "భరణం ఆపి పిల్లని చూపించమంటే జడ్జి ముందు నీ మాట నిలవదు తమ్ముడూ. అది వేరు, ఇది వేరు" అని ఆమె. ఆ తర్వాత పాపను కలిసే ఏర్పాటు రాయడానికి చాలాసేపు కూర్చుంది. ఏ శనివారం, ఎన్నింటికి, ఎవరు తీసుకొస్తారు, ఎక్కడ అప్పగిస్తారు, జ్వరమొస్తే ఆ వారం బదులు ఏ వారం, సంక్రాంతి సెలవులు ఎవరికెన్ని రోజులు, మధ్యలో వీడియో కాల్ ఎప్పుడు అన్నీ రాయించింది. "తండ్రి పిల్లను కలువవచ్చును" అని ఒక్క ముక్కలో రాసేస్తే ప్రతి శనివారం ఇంకో గొడవ. ఈ రాతపని ఏ తీర్పుల సంపుటంలోనూ అచ్చు కాదు. దాని విలువ ఆ పాపకు తెలుస్తుంది.

పెద్దమనుషుల్లో కూర్చుని స్టాంపు పేపరు మీద సంతకాలు పెట్టి, నోటరీ ముద్ర వేయించుకుని "మాకు విడాకులైపోయినయ్" అనుకునేవాళ్లు ఇంకా వస్తూనే ఉన్నారు. కులాచారం ప్రకారం విడిపోవడాన్ని హిందూ వివాహ చట్టం 29వ సెక్షన్‌లో గుర్తించింది గానీ, ఆ ఆచారం ఉందని కోర్టులో రుజువు చేయాలి. అది లేకపోతే ఆ కాగితంతో పెళ్లి రద్దు కాదు. దాన్ని నమ్ముకుని మళ్లీ పెళ్లి చేసుకుంటే నేరమవుతుంది. ముస్లిం స్త్రీల విషయంలో 2025 జూన్‌లో తెలంగాణ హైకోర్టు స్పష్టమైన మాట చెప్పింది: ఖులా, అంటే తనంతట తాను విడాకులు కోరడం, భార్యకున్న హక్కు, దానికి భర్త ఒప్పుకోవాల్సిన పని లేదు. ఈ కబురు మా వీధుల్లో చేరాల్సినంతగా చేరలేదు.

ఫీజు సంగతి మొదటిరోజే అడగాలి, సిగ్గుపడొద్దు. మొత్తానికెంత, వాయిదాకింతనా, టైపింగు, జిరాక్సులు అందులోనే కలిశాయా? వచ్చే భరణంలో వాటా అడిగే వకీలు ఎదురైతే లేచి వచ్చేయండి. ఫలితాన్ని బట్టి ఫీజు కట్టించుకోవడాన్ని బార్ కౌన్సిల్ నియమాలు నిషేధించాయి. డబ్బులేదని ఆగిపోయే ఆడవాళ్లకు ఇంకోటి చెప్పాలి. 1987 నాటి న్యాయ సేవల చట్టం పన్నెండో సెక్షన్ కింద స్త్రీకి ఉచిత న్యాయ సహాయం దొరకడానికి ఆదాయ పరిమితి లేదు. 15100కి ఫోన్ చేయవచ్చు.

మా క్యాంపస్‌లో లా కాలేజీ ఉంది. ప్రతి లా కాలేజీ న్యాయ సహాయ కేంద్రం నడపాలని బార్ కౌన్సిల్ నిబంధనే ఉంది. ఆ పిల్లలు కోర్టులో వాదించలేరు, వాదించనక్కర్లేదు కూడా. వారానికి రెండు సాయంత్రాలు అధ్యాపకుల పర్యవేక్షణలో తార్నాకలో ఒక గదిలో కూర్చుని, వచ్చినవాళ్ల కథ విని తేదీలు వరసగా రాసిచ్చి, ఏ కాగితాలు వెతుక్కోవాలో చెప్పి, ఏ వీధికి ఏ కోర్టో చూపించే పటం ఒకటి గోడకి తగిలిస్తే, వకీలు గదిలోకి వెళ్లే మనిషి చేతిలో అప్పటికే ఒక కాగితం ఉంటుంది.