బొబ్బట్ల రోజు దాటిపోతే

బిడ్డ ఎదుగుదలకు మన ఇళ్ళలో పిండివంటల లెక్క ఉంది. నవ్వితే నువ్వుండలు, బోర్లా పడితే బొబ్బట్లు, అడుగులేస్తే అరిసెలు. ఫిజియోథెరపీ గదిలో పసిబిడ్డతో వచ్చిన తల్లిని నేను ముందుగా అడిగేది కూడా అదే. ‘బొబ్బట్లు ఎప్పుడు పంచారమ్మా?’ కొందరు తిథితో సహా చెబుతారు. కొందరు తల దించుకుంటారు.

అలా తల దించుకున్న ఒకావిడ తొమ్మిది నెలల బాబుతో వచ్చింది. నెలలు నిండకుండా పుట్టాడు. మెడ సరిగా నిలవలేదు, ఎత్తుకుంటే కాళ్ళు కత్తెరలా బిగుసుకుంటున్నాయి. ఆమెకు ఐదో నెలలోనే అనుమానం వచ్చిందట. ‘వాళ్ళ నాన్నకీ అన్నీ ఆలస్యమే, ఆగమన్నారు మా అత్తయ్య’ అంది. ప్రేమతో అన్న మాటే. అందులో నాలుగు నెలలు పోయాయి. మెదడు అతి వేగంగా ఎదిగేది మొదటి రెండు మూడేళ్ళలోనే. వినికిడి లోపం సంగతైతే గడువులు మరీ కచ్చితం: పుట్టిన నెలలోపు పరీక్ష, మూడు నెలలలోపు నిర్ధారణ, ఆరు నెలలలోపు సాయం.

వృత్తిలోకి వచ్చిన కొత్తలో వ్యాయామాలు కాగితం మీద రాసిచ్చేదాన్ని. వారం తర్వాత ఆ కాగితం మడత విప్పకుండా తిరిగొచ్చేది. కూలికి వెళ్ళొచ్చి వంట చేసుకునే తల్లికి విడిగా అరగంట ఎక్కడిది? బిడ్డ నా దగ్గర ఉండేది వారానికి గంట. మిగతా 167 గంటలు ఇంటివాళ్ళవే. అందుకే వాళ్ళ రోజువారీ పనుల్లోనే నా పని పెట్టడం నేర్చుకున్నాను. ఆ బాబును చేతుల మీద పడుకోబెట్టి మోసేవాళ్ళు. వీపుకు చెయ్యి ఆనించి చంకనెత్తుకోమన్నాను, నడుముకు అటో కాలు ఇటో కాలు వచ్చేలా. బిగిసిన తొడలు విడివడతాయి. వీధి ఎదురుగా కనిపిస్తే, చూడ్డానికి తల నిలపాలనిపిస్తుంది. నాయనమ్మ కాళ్ళు చాపుకుని స్నానం చేయిస్తుందని తెలిసింది. గోరువెచ్చని నీళ్ళకు కండరాలు సడలుతాయి కనుక, అప్పుడే బోర్లా వేసి ముందు చెంబు మోగించమన్నాను. ఆగమన్న ఆ పెద్దావిడే రోజూ చెంబు మోగించింది.

పరుగెత్తుతాడని నేను మాటివ్వలేదు, ఇవ్వకూడదు కూడా. ఏడాదిన్నర దాటాక గోడకు ఆనుకుని కూర్చుని, రెండు చేతులతో ఆ చెంబు పట్టుకున్నాడు. ఇంట్లో అందరికీ బొబ్బట్లు చేశారు.

2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద వైద్య బృందాలు అంగన్‌వాడీలకే వచ్చి పిల్లల్ని చూడాలి. అక్కడ తేడా కనబడితే జిల్లా సత్వర చికిత్సా కేంద్రానికి పంపుతారు. సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో మేధో దివ్యాంగుల కోసం జాతీయ సంస్థ 1984 నుంచీ ఉంది. దారులు ఉన్నాయి. మీ ఇంట్లోనో పక్కింట్లోనో బొబ్బట్ల రోజు దాటిపోయిన బిడ్డ ఉంటే, ఆ తల్లిని ఆగమనకండి. ఆమెకు తోడుగా వెళ్ళండి.