నూటపదహారేళ్ళ కట్టడం

పెళ్ళి చదివింపుల్లో నూటపదహార్లు రాయించే మనకు, ఛాందోగ్యోపనిషత్తులో అదే అంకె మనిషి ఆయుష్షుగా కనబడితే చెవి ఇట్టే పట్టేస్తుంది. రెంటికీ చుట్టరికం కలపనక్కర్లేదు. అక్కడ ఆ అంకెను కట్టిన తీరు చూస్తే చాలు.

మూడో అధ్యాయం, పదహారో ఖండం. చాలా చిన్నది. సోమయాగంలో సోమలతను దంచి రసం తీసే వేళలు మూడు: ప్రాతస్సవనం, మాధ్యందిన సవనం, తృతీయ సవనం. ఉదయానిది గాయత్రీ ఛందస్సు. ఎనిమిది మూళ్ళు 24 అక్షరాలు. మధ్యాహ్నానిది త్రిష్టుప్పు, పదకొండు నాలుగులు 44. మూడోదానిది జగతి, పన్నెండు నాలుగులు 48. మనిషి బతుకే యజ్ఞమని చెప్పి, ఈ అక్షరాలను ఏళ్ళుగా లెక్కగట్టారు. కూడితే 116.

అతుకు ఎంత సన్నగా పడిందో చూడండి. ఈ సవనాల దేవతలు వసువులు, రుద్రులు, ఆదిత్యులు. వాళ్ళు ఎనిమిదిమంది, పదకొండుమంది, పన్నెండుమంది. అచ్చం పాదాక్షరాల లెక్కే! ఆ మాట ఖండంలో పైకి చెప్పరు. యాగం తెలిసినవాడు వేళ్ళు మడిచి చూసుకుంటాడని వదిలేశారు.

బైబిలు ఆదికాండంలో మెతూషెల 969 ఏళ్ళు బతికాడు. వాల్మీకి దశరథుడికి అరవై వేల ఏళ్ళు. ఈ ఖండంలోని మహిదాస ఐతరేయుడు మాత్రం నన్నెందుకు వేధిస్తావని రోగాన్నే నిలదీసి, 116 ఏళ్ళు బతికాడట. ఛందస్సులోంచి పుట్టిన అంకే అయినా, మనిషికి అందని ఎత్తులో లేదు. ఫ్రాన్సులో జాన్ కాల్మాఁ 122 ఏళ్ళు బతికి 1997లో కన్నుమూసింది.

ఇప్పుడీ కొలబద్దను చరిత్ర పక్కన పెడదాం. ఇన్‌ఫ్లుయెంజా ఊళ్ళను ఊడ్చేసిన 1911–21 దశాబ్దంలో భారతదేశంలో సగటు ఆయుష్షు సుమారు 20 ఏళ్ళు. ప్రాతస్సవనమే పూర్తి కాలేదు. అందరూ ఇరవైకే పోయారని కాదు. ఉయ్యాలలోనే ఆరిపోయిన ప్రాణాలు సగటును అంత కిందికి లాగాయి. 1941–51 నాటికి అది 32 దాకా వచ్చింది. నేడు 70కి అటూ ఇటూ. 24, 44 కలిపితే 68 కదా, మూడో సవనం గుమ్మంలో ఉన్నామన్నమాట.

నన్ను ఎక్కువగా ఆకట్టుకున్నది ఆ ఉపనిషత్తు ఖండంలోని ప్రార్థన. మొదటి 24 ఏళ్ళలో రోగం వస్తే ఏమని వేడుకోవాలో కూడా చెప్పారు. చావే వద్దని కాదు. నా ఉదయాన్ని మధ్యాహ్నంతో కలపండి, యజ్ఞం నడుమ తెగిపోనివ్వకండి అని. కోరికకూ కొలత ఉంది. టీకాలు, శుభ్రమైన తాగునీరు, పురుడు పోసేవాళ్ళు చేతులు కడుక్కోవడం వందేళ్ళుగా చేస్తూ వచ్చిన పనీ అదే: పిల్లల ఉదయాన్ని మధ్యాహ్నానికి అందించడం.