ధూళి: కర్తగా, సాక్షిగా – నక్షత్ర జనన మేఘాల అయస్కాంత నిర్మాణాలపై ఒక విమర్శ

నక్షత్ర జననాన్ని వివరించే సిద్ధాంతాలలో గురుత్వాకర్షణ, భ్రమణం, అయస్కాంత క్షేత్రం ప్రధానాంశాలు. మేఘ ద్రవ్యరాశిలో దాదాపు ఒక శాతమే ఉండే ధూళికి తరచూ నేపథ్య స్థానమే దక్కుతుంది. ఈ ప్రాధాన్యక్రమాన్ని పునఃపరిశీలించవలసి ఉంది.

మేఘం స్వీయ గురుత్వంతో కుదించుకుపోతున్నప్పుడు ప్లాస్మా అయస్కాంత రేఖలను లోపలికి లాగుతుంది. అవి నడుము వద్ద బిగిసి ఇసుక గడియారం ఆకృతిని పొందుతాయి. పర్సియస్ మేఘంలోని ఎన్‌జీసీ 1333 ఐరాస్ 4ఎ వద్ద ఈ ఆకృతి స్పష్టంగా కనిపించినట్లు 2006లో ప్రచురితమైన పరిశీలనలు చూపాయి. భ్రమణం ఆ రేఖలను మెలిపెడుతుంది. మెలిపడిన రేఖల తన్యత కోణీయ ద్రవ్యవేగాన్ని బయటి మేఘానికి తరలిస్తుంది. క్షేత్రం ప్లాస్మాలో పూర్తిగా బంధితమై ఉంటుందని భావిస్తే, ఈ నిరోధం వల్ల శిశు నక్షత్రం చుట్టూ డిస్క్ ఏర్పడటమే కష్టమని 2003 నాటి గణనలు తేల్చాయి. డిస్కులు మాత్రం విరివిగా కనిపిస్తున్నాయి. ఆ బంధిత భావనను ప్రతిపాదించిన ఆల్వేన్ స్వయంగా 1970 నోబెల్ ప్రసంగంలో దాని దుర్వినియోగం గురించి హెచ్చరించడం గమనార్హం.

ఈ బంధాన్ని సడలించడంలో ధూళి పాత్ర కీలకం. రేణువులు ఎలక్ట్రాన్లను, అయాన్లను గ్రహించి అయనీకరణాన్ని తగ్గిస్తాయి. విద్యుదావేశం పొందిన అతిసూక్ష్మ రేణువులు మాత్రం తామే క్షేత్రంతో ముడిపడతాయి. అటువంటి రేణువులు తొలగితే క్షేత్రం వాయువునుండి సులభంగా జారిపోయి డిస్క్ నిలుస్తుందని 2016లో జావో బృందం చూపింది. అయినా అనేక గణనలు 1977లో మాథిస్, రంప్ల్, నార్డ్‌సీక్ ప్రతిపాదించిన పరిమాణ వితరణనే వాడుతున్నాయి. అది విరళమైన నక్షత్రాంతర ప్రదేశంలో నక్షత్రకాంతి క్షీణతనుండి రాబట్టినది. రేణువులు పెరిగే సాంద్ర మేఘాలకు అది నేరుగా వర్తించదు.

సాక్ష్యం విషయంలోనూ ఇదే చిక్కు. ధూళి వికిరణ ధ్రువణాన్ని క్షేత్ర దిశకు సూచికగా చదవడం పరిపాటి. హెచ్‌ఎల్ టౌరీ డిస్క్‌లో 0.87 మిల్లీమీటర్ల వద్ద కనిపించిన ధ్రువణం పరిక్షేపణ ఫలితమన్న వ్యాఖ్యకు అనుగుణంగా ఉండగా, 3.1 మిల్లీమీటర్ల వద్ద దాని సరళి పూర్తిగా మారిందని 2017లో వెల్లడైంది. రెండింటినీ క్షేత్రపటాలుగా చదివితే ఒకే డిస్క్‌కు పరస్పర విరుద్ధమైన క్షేత్రాలను ఆపాదించవలసి వస్తుంది.

కాబట్టి ఒక రేణు పరిమాణంతో చేసిన గణన, మరొక పరిమాణాన్ని ఊహించి చదివిన పటంతో సరిపోలడం నిరూపణ కాదు. గణనలోనూ పట వ్యాఖ్యానంలోనూ ఒకే పరిమాణ వితరణను వాడాలి. ఫలితాన్ని బహుళ తరంగదైర్ఘ్యాలలోను, ధూళిపై ఆధారపడని జీమన్ కొలతలతోను సరిచూడాలి. అంతవరకు గురుత్వ భ్రమణాలు మలచిన అయస్కాంత నిర్మాణాల గురించిన నిర్ధారణలను తాత్కాలికమైనవిగానే పరిగణించడం సముచితం.