బలమైన ముక్కలు, నిదానమైన చెయ్యి

వేంపల్లెలో పేకాట అనగానే ముందుగా గుర్తొచ్చేవి రమ్మీ, మూడు ముక్కలాట. మూడు ముక్కలాటలోని పందెం పెంపు, రమ్మీలోని లెక్క, జ్ఞాపకం ఒకచోట కలిసిన ఆట లిమిట్ పోకర్. ఇందులో నన్ను అన్నిటికన్నా ఎక్కువగా ఆకట్టుకున్న పనితనం ఒకటుంది. చేతిలో గొప్ప ముక్కలు పెట్టుకుని, పందెం పెంచడం ఎక్కడ ఆపాలో తేల్చుకోవడం. పనికిరాని ముక్కలు పారేయడం ఎవరికైనా త్వరగానే అలవడుతుంది. గెలిచేలా కనిపిస్తున్న ముక్కలతో నిదానించాలంటే మాత్రం లెక్క చేతిలో ఉండాలి.

ముందు ఆట కట్టుబడి చూద్దాం. ఇక్కడ చెప్పే రకం పేరు లిమిట్ హోల్డెమ్. ఒక్కొక్కరికి రెండు మూసిన ముక్కలు పంచుతారు. అందరికీ ఉమ్మడిగా ఐదు ముక్కలు బల్ల మీద తెరుస్తారు. మొదట ఒకేసారి మూడు, దాన్ని ఫ్లాప్ అంటారు. తర్వాత ఒకటి, అది టర్న్. చివరిగా ఇంకొకటి, అది రివర్. మొత్తం ఏడు ముక్కల్లోంచి మంచి ఐదింటిని ఏరుకోవాలి. పందెం నాలుగు విడతలు. ముక్కలు పంచగానే ఒకటి, ఫ్లాప్ తర్వాత ఒకటి, టర్న్ తర్వాత ఒకటి, రివర్ తర్వాత ఒకటి. పందెం మన ఇష్టానికి ఉండదు. చింతగింజలతో ఆడుతున్నామనుకుంటే, మొదటి రెండు విడతల్లో పందెం 10 గింజలు, చివరి రెండింటిలో 20. ఒక విడతలో సాధారణంగా ఒక బెట్ అంటే తొలి పందెం, దాన్ని పెంచే మూడు రైజ్‌లు, అంతే. నాలుగో మెట్టు దగ్గర ఆగిపోయే ఆ హద్దు పేరు క్యాప్.

పందేనికి ఇలా కొలత పెట్టడంలోనే ఆట అందమంతా ఉంది. బల్ల మీద గింజలు పోగుపడేకొద్దీ కొత్త పందెం చిన్నదైపోతుంది. 200 గింజలున్న చోట 20 వేసి కాల్ చెయ్యాలంటే, అంటే ఎదుటి పందేనికి జతపడేంత వేసి ఆటలో నిలవాలంటే, పదకొండింట ఒకసారి గెలిచినా చాలు, నష్టం లేదు. రైజ్ చెయ్యడం వేరే సంగతి. అదనంగా వేసే 20కి ఎదుటివాడి 20 మాత్రమే జత పడుతుంది కాబట్టి, సగానికి మించి గెలిచే వీలుండాలి. పదకొండో వంతుకీ సగానికీ మధ్య పెద్ద ఖాళీ ఉంది. పారేయడం తప్పు, పెంచడమూ తప్పు, ఊరికే కాల్ చేసి సాగడమే సరైన చోటు అది. నిదానించే నేర్పంతా ఆ ఖాళీని గుర్తుపట్టడమే.

ఒక చేతిని దగ్గరగా చూద్దాం. ఇద్దరే ఆడుతున్నారు. మీ దగ్గర ఇస్పేటు రాజు, డైమను రాజు. మొదటి విడతలో చెరో 30 గింజలు పడ్డాయి. ఫ్లాప్‌లో ఆఠీను రాజు, ఆఠీను ఎనిమిది, కళావరు మూడు తెరుచుకున్నాయి. మీకు మూడు రాజులు. ఈ బల్ల మీద, ఈ క్షణానికి, దీన్ని మించిన చెయ్యి ఇంకొకటి కట్టడం కుదరదు. ఇక్కడ నిదానిస్తే చేతికందేది వదులుకున్నట్టే. పెంచాలి, ఎదుటివాడు పెంచితే మళ్లీ పెంచాలి, క్యాప్ దాకా పోవాలి. చెరో 40 పడి, బల్ల మీద 140 అయ్యాయి.

టర్న్‌లో ఆఠీను ఏడు వచ్చింది. మీ రాజులు ముగ్గురూ అలాగే ఉన్నా, చుట్టూ లోకం మారింది. ఇప్పుడు ఎవరి చేతిలో రెండు ఆఠీన్లున్నా ఐదు ఆఠీన్ల ఫ్లష్ అవుతుంది, మీరు వెనకపడతారు. మీరు 20 వేశారు, అవతలివాడు 40కి పెంచాడు. బల్ల మీద 200. ఏం చెయ్యాలి?

ముందు మీకున్న ఆధారం లెక్కపెట్టుకోవాలి. రివర్‌లో ఎనిమిది గానీ ఏడు గానీ మూడు గానీ ఇంకొకటి పడితే మీకు ఫుల్ హౌస్, అంటే ఒక రకం మూడు, ఇంకో రకం రెండు ఉన్న చెయ్యి, ఫ్లష్‌ను మించినది. అలాంటివి తొమ్మిది ముక్కలు. మిగిలిన కళావరు రాజు పడితే నాలుగు రాజులు. మొత్తం పది. అవతలివాడి దగ్గర ఫ్లష్ ఉందనుకుంటే, కనపడని ముక్కలు 44. అంటే, ఓడిపోతున్నామని తెలిసినా దాదాపు 23 శాతం సార్లు లేచి నిలబడతారు. కాల్‌కి తొమ్మిది శాతం చాలు కాబట్టి పారేసే మాటే లేదు.

ఇక పెంచాలా? అతని దగ్గర మూడు ఎనిమిదులో మూడు ఏడులో ఉంటే, మీ పెంపు చూసి కాల్ మాత్రమే చేస్తాడు. మీకు 20 అదనం. ఫ్లష్ ఉంటే క్యాప్ వేస్తాడు. మీ చేతిలోంచి అదనంగా పోయేది 40. గెలిస్తే ఒకటి, ఓడితే రెండు. ఈ లెక్క ఇంతటితో ఆగిపోతే, మూడింట రెండుసార్లకు మించి ముందున్నామని నమ్మితేనే పెంచాలి. అయితే ఆ పది ముక్కలు ఆ 40 నష్టాన్ని సగటున 22 గింజలకు దించుతాయి. కాబట్టి గీత సగం దగ్గరికి జరుగుతుంది. ముందున్నామన్న నమ్మకం సగానికి కాస్త పైనుంటే పెంచవచ్చు, లేకపోతే కాల్.

రివర్‌లో ఇస్పేటు రెండు పడిందనుకోండి. ఎవరికీ ఏమీ కలవలేదు. ఆ పది ముక్కల ఆసరా పోయింది. మీరు బెట్ చేసి, అతను పెంచితే, మళ్లీ పెంచడానికి ఇప్పుడు మూడింట రెండు వంతుల నమ్మకం కావాలి. అవే మూడు రాజులు, అదే ప్రత్యర్థి, అదే 20 గింజలు. గీత మాత్రం సగం దగ్గర్నుంచి మూడింట రెండు దగ్గరికి జరిగింది. చేతి బలం ముక్కల్లో ఎంత ఉంటుందో, ఇంకా తెరవాల్సిన ముక్కల్లోనూ, ఎదుటివాడు ఏ ముక్కలతో పెంచుతాడన్న దానిలోనూ అంతే ఉంటుంది.

నిదానించడానికి ఇంకా లోతైన కారణం ఒకటుంది. దాన్ని గణిత శాస్త్రజ్ఞుడు హెరాల్డ్ కూన్ 1950లో మూడే ముక్కలతో చూపించాడు. రాజు, రాణి, జాకీ. ఇద్దరు ఆటగాళ్లు చెరో గింజ వేసి, చెరో ముక్క తీసుకుంటారు. మూడోది పక్కన మూసి ఉంటుంది. పందెం ఒక్క గింజ, పెంపు లేదు. మొదటివాడి చేతిలో రాజు ఉంటే గెలుపు ఖాయం. అయినా అతను ప్రతిసారీ పందెం వెయ్యనక్కర్లేదని తేలింది. అతను పాటించాల్సింది ఒక నిష్పత్తి. జాకీతో ఎన్నిసార్లు దొంగ పందెం వేస్తాడో, రాజుతో దానికి మూడు రెట్లు వెయ్యాలి. జాకీతో ఆరింట ఒకసారి వేస్తే, రాజుతో సగం సార్లే వెయ్యాలి, మిగతా సగం మెదలకుండా ఉండాలి. ఆ మూడు ఎక్కడిది? రాణి పట్టుకున్న ప్రత్యర్థికి ఎదురుగా మూడు గింజలున్నాయి, కాల్‌కి ఒకటి వెయ్యాలి. మూడుకి ఒకటి అనే ఆ ధరకి సరిగ్గా సరిపోయేలా నిజాన్నీ అబద్ధాన్నీ కలిపితే, అతను కాల్ చేసినా పారేసినా ఒకటే అవుతుంది. ఇంత ఒద్దిగ్గా అమర్చినా మొదట ఆడేవాడు ఆటకి సగటున గింజలో పద్దెనిమిదో వంతు పోగొట్టుకుంటాడు. ముందు నోరు విప్పాల్సి రావడానికి ఆ ఆట వేసిన ఖరీదు అది.

మూడు ముక్కల నుంచి 52 ముక్కలకు పోవడానికి 65 ఏళ్లు పట్టింది. 2015 జనవరిలో కెనడాలోని అల్బర్టా విశ్వవిద్యాలయం నుంచి మైకేల్ బౌలింగ్, నీల్ బర్చ్, మైకేల్ జొహాన్సన్, వారితో పనిచేసిన ఆస్కరి టమెలిన్, ఇద్దరు ఆడే లిమిట్ హోల్డెమ్‌ను దాదాపు పూర్తిగా సాధించామని సైన్స్ పత్రికలో ప్రకటించారు. వాళ్ల ప్రోగ్రాం పేరు సెఫియస్. అది తనతో తానే ఆడుకుంటుంది. ప్రతి మలుపులోనూ, వదిలేసిన దారిలో పోయి ఉంటే ఎంత మిగిలేదో లెక్కగడుతుంది. ఆ దారి వదులుకున్నందుకు కలిగే విచారాన్ని పోగుచేసి, ఎక్కువ విచారం మిగిల్చిన దారికి తర్వాతి ఆటల్లో ఎక్కువ వాటా ఇస్తుంది. పోగు సున్నా కిందికి దిగితే మళ్లీ సున్నాకే తెస్తుంది. ఒకప్పుడు చెడ్డదనిపించిన ఎత్తు మళ్లీ పనికొచ్చే రోజున తొందరగా లేచి రావడానికి ఈ చిన్న సవరణే దారి. 4,800 ప్రాసెసర్లు 68 రోజులు ఈ పని చేశాయి. చివరికి ఒక మనిషి జీవితమంతా కూర్చుని ఆడినా, దాన్ని ఓడించానని గట్టిగా రుజువు చెయ్యలేనంత దగ్గరికి వచ్చింది.

అలాంటి యంత్రం మొదటి విడతలో, పంచేవాడి స్థానంలో కూర్చుని రెండు ఆసులు పట్టుకున్నప్పుడు ఏం చేస్తుంది? అంతకు మించిన ఆరంభం ఆటలోనే లేదు. అయినా క్యాప్ వేసేది 0.01 శాతం కన్నా తక్కువ సార్లు. క్యాప్‌కి కాస్త ఎక్కువగా వాడే జత రెండ్లు, అదీ 0.06 శాతమే. చివరి రైజ్ వేస్తే ఎదుటివాడికి మన బలం తెలిసిపోతుంది. కాల్ చేసి ఊరుకుంటే, ఆసులు మిగతా మామూలు చేతుల గుంపులో కలిసిపోయి, ఆ గుంపు మొత్తానికి రక్షణగా నిలుస్తాయి. కొందరు గట్టి ఆటగాళ్లు పెంచుకుంటూ పోయే చోట యంత్రం నిదానించింది.

పేకాటలో నేర్పు ఉందన్న మాటని మన న్యాయస్థానం ఎప్పుడో గుర్తించింది. ఆంధ్రప్రదేశ్ రాష్ట్రం, కె. సత్యనారాయణ మధ్య నడిచి 1968 నాటి తీర్పుల సంపుటాల్లోకెక్కిన కేసులో, రమ్మీలో పడిన ముక్కల్ని గుర్తుంచుకోవాలి, ఏది ఉంచాలో ఏది విడవాలో తెలియాలి కాబట్టి అది ప్రధానంగా నేర్పుతో కూడిన ఆట అని సుప్రీంకోర్టు చెప్పింది. డబ్బు పెట్టి ఆడటం వేరు. ఆన్‌లైన్‌లో అలా ఆడటాన్ని ఆంధ్రప్రదేశ్ 2020లోనూ, కేంద్రం 2025లోనూ చట్టం చేసి నిషేధించాయి. ఈ విద్యలోని అందం చూడటానికి డబ్బుతో పనీ లేదు.

వేంపల్లె మండలంలోనే ఇడుపులపాయ ట్రిపుల్ ఐటీ ఉంది. అక్కడ చదివే పిల్లలకు నాదొక మనవి. కూన్ మూడు ముక్కల ఆటని కొన్ని పదుల వరుసల ప్రోగ్రాంగా రాయొచ్చు. రాసి, సెఫియస్‌లా విచారాన్ని పోగుచేసుకుంటూ దానిని తనతోనే లక్షసార్లు ఆడించండి. జాకీకి, రాజుకి మధ్య ఆ మూడు రెట్ల నిష్పత్తి, మీరు చెప్పకుండానే, అంకెల్లోంచి పైకి తేలుతుంది. బలం ఉన్నచోట ఎప్పుడు ఆగాలో లెక్క ఎలా చెబుతుందో అప్పుడు మీ కళ్లతో మీరే చూస్తారు.