క్షమించడానికి ఎదుట ఎవరున్నారు?

'ఫిలోమినా' సినిమా చివర ఒక సన్నివేశం వస్తుంది. పోగొట్టుకున్న కొడుకు కోసం యాభై ఏళ్ళు కుమిలిన ముసలితల్లి, ఆ కొడుకును తన నుంచి వేరు చేసిన మఠానికే తిరిగి వెళుతుంది. చక్రాల కుర్చీలో కూర్చున్న వృద్ధ సన్యాసిని ఎదుట నిలబడి, క్షమించానని చెబుతుంది. పక్కనున్న పత్రికా రచయిత మాత్రం తాను క్షమించలేనంటాడు. ఆ ఘట్టం చూసి కళ్ళు తుడుచుకున్న వాళ్ళలో నేనూ ఉన్నాను. అసలు సంగతి తరవాత తెలిసింది. సిస్టర్ హిల్డెగార్డ్ అనే ఆ సన్యాసిని 1995లోనే కన్నుమూసింది. ఫిలోమినా లీ తనకొక కొడుకున్నాడన్న మాట కూతురితో మొదటిసారి చెప్పింది 2003 డిసెంబరులో. అంటే మనల్ని ఏడిపించిన ఆ ఎదురుపాటు జరిగేందుకే వీలులేదు.

కథ కోసం కొంత కల్పించుకునే హక్కు సినిమాకు ఉంది. నాకు దానితో పేచీ లేదు. అయితే ఒక కల్పన దేన్ని కప్పిపుచ్చుతోందో అడిగే హక్కు చూసేవాళ్ళకూ ఉంటుంది. ఆ హక్కుతోనే ఈ నాలుగు మాటలు.

ముందు కథ. ఫిలోమినా 1933లో ఐర్లండులోని లిమరిక్ ప్రాంతంలో పుట్టింది. ఆరేళ్ళకే తల్లి పోయింది. చదువంతా కాన్వెంటులోనే. బయటి ప్రపంచం గురించి గాని, తన శరీరం గురించి గాని ఎవరూ ఏమీ చెప్పలేదు. పద్దెనిమిదేళ్ళకు పెళ్ళి కాకుండానే గర్భం వచ్చింది. ఇంటివాళ్ళు ఆమెను రోస్‌క్రియా ఊళ్ళోని షాన్ రాస్ మఠానికి పంపేశారు. 1952 జూలై 5న అక్కడే కొడుకు పుట్టాడు. ఆంథొనీ అని పేరు పెట్టుకుంది. మూడేళ్ళకు పైగా మఠం లాండ్రీలో బట్టలుతుకుతూ, సన్యాసినులు అనుమతించిన వేళల్లో బిడ్డను చూసుకుంటూ గడిపింది. 1955లో ఒక కాగితం మీద సంతకం చేయించారు. బిడ్డ మీద హక్కులన్నీ వదులుకుంటున్నానని, ఇక ఎన్నడూ వాడి జాడ వెతకనని దాని సారాంశం. ఆ డిసెంబరులో ఆంథొనీని అమెరికాలోని ఒక కుటుంబానికి పంపేశారు. ఇలా ఐర్లండు నుంచి అమెరికా చేరిన పిల్లలు 2,000 మందికి పైగానే.

ఆంథొనీ అక్కడ మైకేల్ హెస్ అయ్యాడు. లాయరై, రిపబ్లికన్ పార్టీ జాతీయ సంఘానికి ప్రధాన న్యాయ సలహాదారు స్థాయికి ఎదిగాడు. 1977లో ఒకసారి, 1993లో మరొకసారి రోస్‌క్రియాకు వచ్చి తన తల్లి ఎవరో చెప్పమని అడిగాడు. జవాబు దొరకలేదు. ఎయిడ్స్‌తో 1995 ఆగస్టు 15న మరణించాడు. కోరి మరీ ఆ మఠం ఆవరణలోనే తనను పాతిపెట్టించుకున్నాడు. రాతి మీద పుట్టిన తేదీ, పుట్టిన చోటు చెక్కించారు. తల్లి ఎప్పుడైనా వస్తే గుర్తుపడుతుందని ఆశ. ఆ తల్లి అప్పటికే ఇంగ్లండులో నర్సుగా పనిచేసి, పెళ్ళి చేసుకుని, పిల్లల్ని పెంచింది. మధ్యలో ఆమె కూడా అదే మఠానికి వెళ్ళి అడిగింది. ఆమెకూ జవాబు దొరకలేదు.

నన్నడిగితే ఈ కథకు గుండెకాయ ఇదే. తల్లి బిడ్డను వెతకడం ఒక్కటే కాదు, బిడ్డా తల్లిని వెతికాడు. ఇద్దరూ ఒకే తలుపు తట్టారు. ఆ తలుపు ఇద్దరికీ తెరుచుకోలేదు.

ఇప్పుడు పుస్తకం. సిక్స్‌స్మిత్ దీన్ని 2009లో అచ్చువేసినప్పుడు పేరులో ఫిలోమినా ఉంది, ఆమె పోగొట్టుకున్న బిడ్డ ఉన్నాడు. లోపలికి వెళితే ఎక్కువ పేజీలు కొడుకువే. వాషింగ్టన్ రాజకీయాలు, పార్టీ పదవులు, స్వలింగ ప్రేమను దాచుకోవలసి రావడం, ఆ జబ్బును పట్టించుకోని ప్రభుత్వం పక్షాన పనిచేస్తున్నానన్న మథన, ఇవన్నీ నవలలాగా సాగుతాయి. చదివిస్తాయి. కాని చనిపోయిన మనిషి ఏ రాత్రి ఏమనుకున్నాడో రచయిత అంత ధీమాగా రాస్తుంటే నాకు ఇబ్బందిగా అనిపించింది. ఇక తల్లి సంగతి చూడండి. బిడ్డను కారెక్కించాక ఆమె పుస్తకంలోంచి దాదాపు మాయమైపోతుంది. ఆ యాభై ఏళ్ళలో ఆమె ఎట్లా బతికింది? ఏటేటా జూలై 5 వచ్చినప్పుడు వంటింట్లో ఏం చేస్తూ ఉండేది? పక్కనే ఉన్న పిల్లలకు ఈ మాట చెప్పబోయి ఎన్నిసార్లు మింగింది? పుస్తకానికి ఆ కుతూహలం లేదు. కొడుకు జీవితంలో సంఘటనలున్నాయి, తల్లి జీవితంలో మౌనం మాత్రమే ఉంది. మౌనాన్ని రాయడం కష్టమే. అయినా పేరు ఆమెది పెట్టుకున్న పుస్తకం ఆ కష్టం పడవలసింది.

2013లో స్టీఫెన్ ఫ్రియర్స్ తీసిన సినిమా సరిగ్గా ఈ లోటునే తీర్చింది. అది తల్లిని మధ్యకు తెచ్చింది. జూడీ డెంచ్ నటన గురించి నేను కొత్తగా చెప్పేదేమీ లేదు. చవక నవలల కథలు వర్ణించి వర్ణించి చెబుతూ, హోటల్లో ఉచితంగా పెట్టే ఫలహారానికి మురిసిపోతూ ఉండే ఆ ముసలావిడ, ఒక్క క్షణంలో చూపు మార్చుకుని కొడుకు ఫోటో వంక చూస్తుంది. అప్పుడు పక్కన కూర్చున్న చదువుకున్న మనిషి చిన్నబోతాడు. స్టీవ్ కూగన్, జెఫ్ పోప్ రాసిన ఈ స్క్రీన్‌ప్లేకు వెనిస్ ఉత్సవంలో బహుమతి వచ్చిందంటే ఆశ్చర్యం లేదు. నిజజీవితంలో ఆమె ఆ రచయితతో కలిసి అమెరికా అంతా తిరిగి వెతకలేదు. ఆ కల్పనను నేను సంతోషంగా ఒప్పుకుంటాను. వెతకాలన్న కోరికకు అది కాళ్ళిచ్చింది.

ఒప్పుకోలేనిది ఆ చివరి కల్పన ఒక్కటే. ఎందుకంటారా? క్షమించాలంటే ఎదుట ఒక మనిషి ఉండాలి. సినిమా ఆ మనిషిని బతికించి మరీ తెచ్చి కూర్చోబెట్టింది. తప్పంతా ఒక కఠినమైన ముఖానికి అంటగట్టింది. ముఖం దొరికింది గనక కోపం వచ్చింది, క్షమ వచ్చింది, కన్నీరు వచ్చింది, ఇంటికి వెళ్ళిపోయాం. వాస్తవంలో ఆ తల్లికి ఎదురుగా నిలిచింది ముఖం కాదు, తాళం వేసిన బీరువా. అందులో ఉన్నవి కాగితాలు. ఆ కాగితాల వెనక ఒక మఠం, మఠం వెనక చర్చి, చర్చి వెనక ప్రభుత్వం, వీళ్ళందరి వెనక పరువు పోతుందని కూతుర్ని పంపేసిన ఇల్లు. సినిమా చెప్పింది పూర్తి నిజం కాదని ఆ సన్యాసినుల సంఘం అభ్యంతరం చెప్పింది. ఒక చనిపోయిన వ్యక్తిని అలా చూపించడం గురించి వాళ్ళు బాధపడితే నేను తప్పుపట్టను. నా ఫిర్యాదు అందుకు వ్యతిరేక దిశ నుంచి వస్తోంది. ఒక్క మనిషిని దోషిగా నిలబెట్టడం వల్ల మిగతావాళ్ళందరూ తెరమీదినుంచి తప్పుకున్నారు.

ఇదంతా చదువుతున్నంతసేపూ మనకు కుంతి గుర్తుకు రాకుండా ఉండదు. కాని పోలిక ఎంతదూరం వస్తుందో చూడాలి. కుంతి బిడ్డను పెట్టెలో పెట్టి ఏట్లో వదిలింది. లోకభయం అక్కడా ఉంది, ఇక్కడా ఉంది. కాని కర్ణుడి ఒంటి మీద కవచకుండలాలున్నాయి. కుమారుల అస్త్రవిద్యా ప్రదర్శననాడు రంగంలోకి అడుగుపెట్టగానే తల్లి గుర్తుపట్టింది, మూర్ఛపోయింది. ఏరు బిడ్డను దూరం చేసింది గాని గుర్తును చెరపలేదు. ఐర్లండులో గుర్తునే ఒలిచేశారు. ఆంథొనీ మైకేల్ అయ్యాడు, లీ హెస్ అయింది. పేరు పోయాక, ఊరు పోయాక, ఏ రంగస్థలంలో ఎదురుపడ్డా తల్లికి ఏం తెలుస్తుంది? పుట్టినతేదీ ఒక్కటే మిగిలింది. చివరికి వెతికిన వాళ్ళకు దారి చూపినవాటిలో అదీ ఒకటి.

ఇంకొక తేడా ఉంది. యుద్ధం ముగిసి, తర్పణాల వేళకు గాని కుంతి నోరు విప్పలేదు. విన్న ధర్మరాజు, ఇక ఆడవాళ్ళ నోట రహస్యం నిలవకుండుగాక అని శపించాడు. ఆడది దాచినందుకు శాపమే గాని, దాచవలసిన అవసరం ఎవరు కల్పించారన్న ప్రశ్న లేదు. ఫిలోమినా కూడా కొడుకు పోయిన తరవాతే నోరు విప్పింది, అతడు పోయాడని ఆమెకు తెలియదు. విన్న కూతురు జేన్ శపించలేదు. అన్న ఎక్కడున్నాడో వెతుకుదామంది. ఈ మొత్తం వ్యవహారంలో నాకు గొప్పగా కనిపించిన మాట అదే.

మన భాషలో ఈ సంగతి రాయబోతే ఒక చిక్కు ఎదురవుతుంది. 'దత్తత' అంటాం. ఆ మాటలోనే 'ఇవ్వబడినది' అన్న అర్థం ఉంది. ఇచ్చేవాళ్ళు, పుచ్చుకునేవాళ్ళు ఎదురెదురుగా కూర్చుని హోమం చేసుకునే తంతు అది. చాలాచోట్ల బిడ్డ బాబాయి ఇంట్లోనో మేనమామ ఇంట్లోనో కళ్ళముందే పెరుగుతాడు. కన్నతల్లికి ఆ బాధ లేదనను. పండక్కి చూడడానికైనా ఉంటుంది. ఫిలోమినాకు జరిగినదాన్ని దత్తత అనడానికి నాకు చెయ్యి రాలేదు. ఆమె ఇవ్వలేదు, ఆమె చేత ఇప్పించారు. పరాయి నేల మీద మన భాషను అట్టిపెట్టుకున్న మనకు, పేరు మారిపోతే ఏం పోతుందో ఎవరూ పాఠం చెప్పనక్కరలేదు. కాబట్టి ఈ కథను తెలుగులో చెప్పేవాళ్ళు ఆ ఒక్క మాట దగ్గర ఆగి ఆలోచించాలి.

సినిమా తరవాత ఫిలోమినా ఊరుకోలేదు. 2014లో దత్తత కాగితాలు బయటపెట్టాలని తన పేరిట ఒక ఉద్యమం మొదలుపెట్టింది. అదే సంవత్సరం పోప్ ఫ్రాన్సిస్‌ను కలిసింది. 2021 జనవరిలో విచారణ సంఘం నివేదిక వచ్చింది. 18 సంస్థల్లో 1922 నుంచి 1998 వరకు సుమారు 56,000 మంది తల్లులు, 57,000 మంది పిల్లలు ఉన్నారని, పిల్లల్లో దాదాపు 9,000 మంది చనిపోయారని అది లెక్కతేల్చింది. ప్రధాని మికాల్ మార్టిన్ ప్రభుత్వం తరఫున క్షమాపణ చెప్పాడు. 2022లో చట్టం వచ్చింది. దత్తు వెళ్ళిన వాళ్ళకు తమ జనన వివరాలు పొందే హక్కు దొరికింది. బంధువుల జాడ వెతికిపెట్టే ఏర్పాటూ జరిగింది. 1993లో మైకేల్ హెస్ మఠం దగ్గర నిలబడి అడిగినది ఇంతకంటే ఎక్కువ కాదు.

సినిమా చూడండి, తప్పక చూడండి. చివర్లో ఏడుపొస్తే ఏడవండి కూడా. ఆ తల్లి మనసు పెద్దదని నేనూ నమ్ముతాను, ఎవరినీ ద్వేషించలేదని ఆమె స్వయంగా చెప్పుకుంది. కాని ఆ పెద్దమనసును చూపించి మనల్ని ఇంటికి పంపేస్తే సరిపోదు. ఆమెకు కావలసింది క్షమించే అవకాశం కాదు. కొడుకు బతికి ఉండగా, ఒక్క చిరునామా.